మొక్కకు పగలెంత? రాత్రి యెంత?

కొన్ని యేండ్ల క్రిందట కార్తీకమాసపు తొలివారములో మేము వ్యవసాయదారుల కార్యక్రమమునకై శబ్దగ్రహణము చేసికొని వచ్చుటకు కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లెకు వెళ్ళితిమి. తుమ్మలపల్లె యనగానే పత్రికలు చదువువారికి 2012లో పని ప్రారంభమైన యురేనియము గని గుర్తునకు వచ్చును. మేము వెళ్ళినది గని కొరకు కాదు. ఆ చుట్టుప్రక్కల అరటి, చీనీ తోటలు సాగుచేయు రైతుల అనుభవములు వినుటకు వెళ్ళితిమి. పని ముగించుకొని తిరిగి వచ్చుచుండగా, దారి ప్రక్క చేలో నిలుచుండిన ఒక పెద్దావిడ మా చేతిలోని యంత్రమును చూచి మమ్ము పిలిచినది.

ఆమె అరయెకరములో పసుపు చేమంతి వేసినది. కార్తీకమాసపు గిరాకీ కొరకే ఆ పంట. చేనికి పడమటి సగము పసుపు దుప్పటి పరచినట్లుండెను. తూర్పు సగము పచ్చగా, ఏపుగా, మోకాలి పైకి పెరిగి, ఒక్క పూవైనను లేక నిలిచియుండెను.

“నాయనా, నారు అమ్మినోడు మమ్మల్ని ముంచినాడు. ఒగే దినం నాటినాం, ఒగే నీళ్లు పెట్టినాం. ఆ పక్క పూలు కోతకొచ్చె, ఈ పక్క మొగ్గే ల్యాకపాయె. సగం నారు వేరే రకం కలిపి ఇచ్చినాడు. నేను బాకీ కట్టేది ల్యా” అని ఆమె చెప్పినది. ఆమె కోడలు మాత్రము ఎవరి దిష్టియో తగిలినదని అనుకొనుచున్నది.

నారు కల్తీ యైనచో పూయని మొక్కలు చేనంతటను అక్కడొకటి యిక్కడొకటిగా ఉండవలెను గదా. గీత గీచినట్లు ఒక ప్రక్కనే యుండుట యేల యని మాకు సందేహము కలిగినది. తూర్పు గట్టు మీద మోటారు కొట్టము కలదు. దాని చూరున పెద్ద యెల్.ఇ.డి. దీప మొకటి వ్రేలాడుచుండెను. “ఆ దీపము రాత్రులు వెలుగునా అమ్మా?” అని అడిగితిమి. “తెల్లవార్లూ వెలుగుతాది. అడవిపందులొస్తాయని శ్రావణంలో మావాడు కట్టినాడు” అని ఆమె బదులు చెప్పినది.

నారులో దోషము లేదు. దిష్టియు లేదు. ఆ తూర్పు సగపు మొక్కలకు శ్రావణము మొదలు రాత్రి యన్నదే లేకపోయినది. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ సంగతియే. మొక్కలు కాలమును ఎట్లు లెక్కపెట్టును? దీపము పెట్టి మొక్కను పెంచువాడు రోజునకు ఎన్ని గంటలు వెలుగు నియ్యవలెను? ఈ ప్రశ్నకు అన్ని మొక్కలకు సరిపడు సమాధానము లేదు. ముందుగా ఏ మొక్క ఏ గడియారమును చూచుచున్నదో తెలిసికొనవలెను.

ఆ యొక్క ఊరి పొలములలోనే మూడు విధములైన గడియారములు కనబడును. అరటిని చూడుడు. అది పగటి పొడవును లెక్కింపదు. ఏ నెలలో నాటినను, సుమారు ముప్పది నలుబది ఆకులు వేసిన పిమ్మట గెల వేయును. దానికి తన వయస్సే గడియారము. చలి, నీటి యెద్దడి దానిని కొంత ఆలస్యము చేయగలవే గాని, పూయుమనియు పూయవద్దనియు ఆజ్ఞాపింపలేవు. చీనీచెట్టు సంగతి వేరు. పులివెందుల ప్రాంతపు రైతులు చలికాలమున తోటకు నీరు మాని, చెట్టును కొన్ని వారములు బెట్టకు వదలి, పిదప ఎరువు వేసి నీరు కట్టుదురు. చెట్టు ఒక్కసారిగా పూతకు వచ్చును. అక్కడ గడియారము నీటిలో నున్నది. ఇక చేమంతి, మన పాతరకపు కంది మూడవ జాతివి. ఇవి ఆకాశమును చూచి కాలము తెలిసికొనును. తొలకరికి విత్తిన కంది నిలువెత్తు పెరిగి, పగళ్ళు కురుచనైన పిమ్మటనే పూయును. అదే కందిని రెండు మూడు నెలలు ఆలస్యముగా విత్తినచో పొట్టిగా నుండగనే పూతకు వచ్చును. మన పెద్దలు విత్తనమునకు కార్తెలు పాటించుటలో వానతో పాటు ఈ రహస్యము కూడ ఇమిడియున్నది.

కడప సీమ భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 14 డిగ్రీల దూరమున నున్నది. ఇక్కడ జూన్ మాసమున అతిదీర్ఘమైన పగలు 13 గంటలకు రెండు మూడు నిమిషములు తక్కువ. డిసెంబరులో అతిహ్రస్వమైన పగలు సుమారు 11 గంటల 15 నిమిషములు. రెంటికి భేదము గంటా నలుబది నిమిషములు మాత్రమే. లండను నగరమున ఆ భేదము ఎనిమిది గంటలకు మించును. మనము గమనింపని ఆ కొద్దిపాటి తేడాను మన చేని మొక్క నిమిషములతో సహా గుర్తుపట్టుచున్నది.

ఈ విషయము శాస్త్రజ్ఞులకు తెలిసివచ్చిన విధము ఆసక్తికరమైనది. దీనికి ఆది యైన పరిశోధన జరిగినది గంజాయి జాతి మొక్క మీదనే. 1910 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సు దేశమున జూలియన్ టూర్న్వా అను వృక్షశాస్త్రజ్ఞుడు హాప్ తీగను, జనుపనారవలె నార నిచ్చు గంజాయి జాతి మొక్కను అద్దాల గదులలో చలికాలమున పెంచి, అవి మొలిచిన కొద్ది దినములకే పూతకు వచ్చుట చూచెను. కారణము పగలు కురుచ యగుట కన్న రాత్రి దీర్ఘ మగుటయే కావచ్చునని అతడు 1914లో వ్రాసెను. అదే సంవత్సరము మొదటి ప్రపంచయుద్ధములో అతడు మరణించెను. ఆ దారి అక్కడ ఆగిపోయినది.

పిమ్మట అమెరికా వ్యవసాయశాఖలో పనిచేయు గార్నర్, అల్లార్డ్ అను ఇరువురు ‘మేరీలాండ్ మామత్’ అను పొగాకు రకమును పరిశీలించిరి. అది వేసవిలో మనిషి యెత్తును మించి పెరిగియు పూయదు. చలికాలమున అద్దాల గదిలో చిన్న మొక్కగా నుండగనే పూయును. వారు వేడి, తేమ, ఎరువు మొదలగు కారణము లన్నిటిని ఒక్కొక్కటిగా త్రోసివేసి, వేసవిలో కుండీలను చీకటి కొట్టములోనికి పెందలకడ చేర్చి చూచిరి. మొక్కలు పూసినవి. 1920లో వారు ప్రకటించిన ఆ ఫలితముతో ఈ శాస్త్రము నిలదొక్కుకొన్నది.

అయినను మొక్క కొలుచునది పగటినా, రాత్రినా యను ప్రశ్న మిగిలినది. 1938లో హామ్నర్, బానర్ అనువారు దీనిని తేల్చిరి. వారికి సాయపడినది మన బీళ్ళలోను, గట్ల వెంటను పెరుగు మరులమాతంగి జాతి కలుపుమొక్క. బట్టలకు అంటుకొను ముళ్ళకాయల మొక్క యది. ఎనిమిదిన్నర గంటలకు మించిన చీకటి ఒక్క రాత్రి దొరికినను అది పూతకు సిద్ధమగును. ఆ చీకటి నడుమ కొద్ది నిమిషములు దీపము వెలిగించినచో, అది ఆ రాత్రిని రాత్రిగా లెక్కింపదు. పగటి నడుమ కొంతసేపు చీకటి కల్పించినచో మాత్రము దానికి పట్టదు. కావున మొక్క లెక్కించునది ఎడతెగని చీకటిని. అలవాటు చొప్పున మనము వీటిని ‘హ్రస్వదిన’ మొక్కలనుచున్నాము గాని, నిజమునకు ఇవి దీర్ఘరాత్రి మొక్కలు.

రాత్రిని చూచునది ఆకు, పూచునది కొన. ఆ వార్త ఆకునుండి కొనకు ఎట్లు చేరును? రష్యా శాస్త్రజ్ఞుడు చైలఖ్యాన్ 1930లలోనే ఆకులో నొక సందేశ పదార్థము పుట్టి కొనకు ప్రయాణించునని ఊహించి దానికి ‘ఫ్లోరిజెన్’ అని పేరు పెట్టెను. అది ఒక ప్రోటీను అని స్థిరపడుటకు 2007 వరకు ఆగవలసివచ్చెను. ఆకులో వెలుగును పసిగట్టు కన్ను వంటి వర్ణద్రవ్యమునకు ‘ఫైటోక్రోము’ అని పేరు. అది ముఖ్యముగా ఎఱ్ఱని వెలుగునకు స్పందించును. మనకు మసకగా తోచు వెలుగు కూడ దానికి చాలును. మోటారు కొట్టపు దీపము ఎండలో వేయవవంతు కూడ కాకపోవచ్చును. అయినను చేమంతి రాత్రిని చెరచుటకు అది సరిపోయినది.

చెరచుటకు చాలిన దీపమే వాడుక తెలిసినవాని చేతిలో పనిముట్టగును. బెంగుళూరు, హోసూరు ప్రాంతముల మీదుగా రాత్రివేళ ప్రయాణించినవారు చేల మీద వందలాది బల్బులు తోరణములవలె వెలుగుట చూచియుందురు. అవి పెక్కు చోట్ల చేమంతి చేలు. చలికాలపు రాత్రులు దీర్ఘములు గనుక, అప్పుడు నాటిన చేమంతి జానెడు పెరుగక మునుపే మొగ్గ తొడుగును. కాడ పొట్టి, పూవులు కొద్ది. అందుచేత నాటినది మొదలు నాలుగైదు వారములు, కాడ తగినంత పెరుగు దాక, రైతు దీపము పెట్టి మొక్కను మభ్యపెట్టును. తరువాత దీపము లార్పివేయును. అప్పటినుండి రకమును బట్టి ఎనిమిది మొదలు పన్నెండు వారములలో పూవు చేతికి వచ్చును. పండుగ తేదీనుండి వెనుకకు లెక్కించి, దీపమార్పవలసిన దినమును నిర్ణయించుకొనవచ్చును.

ఆ దీపము ఎన్ని గంటలుండవలెను? తెలియనివారు సంధ్యనుండి తెల్లవారువరకు వెలిగింతురు. అంత అక్కరలేదు. డిసెంబరులో మన సీమలో రాత్రి సుమారు 12 గంటల 45 నిమిషములు. రాత్రి 10 మొదలు 2 గంటల వరకు వెలిగించినచో ముందొక నాలుగు గంటలకు పైగా, వెనుకొక నాలుగున్నర గంటలు చీకటి మిగులును. రెండు చిన్న రాత్రులే గాని ఒక పెద్ద రాత్రి కాదు. మొక్కకు కావలసిన మోసము అంతయు అందులోనే యున్నది.

దీని లెక్క చూడుడు. ఒక చేలో 9 వాట్ల బల్బులు 400 కట్టినా రనుకొందము. గంటకు 3.6 యూనిట్లు. నాలుగు గంటల చొప్పున 30 రాత్రులకు 432 యూనిట్లు. అదే దీపమును రాత్రి యంతయు, పన్నెండు గంటలు వెలిగించినచో 1,296 యూనిట్లు. ఫలిత మొక్కటే, వ్యయము మూడింతలు. దీపమును నాలుగు గంటలును ఎడతెగక కాక, అరగంటకు పది నిమిషముల చొప్పున మినుకుమిను కనిపించినను చేమంతి మోసపోవునని పరిశోధకులు ఎన్నడో చూపియున్నారు. అయితే ఒక జాగ్రత్త. వరుసగా కొన్ని రాత్రులు విద్యుత్తు లేకపోయినచో మొక్క నిజమైన రాత్రిని కనిపెట్టి మొగ్గకు సిద్ధమగును. పిమ్మట దీపము పెట్టినను వికృతమైన మొగ్గలు మిగులును. కావున గడియారపు మీట యొకటి, విద్యుత్తు లేనప్పటి కేర్పాటొకటి లేక ఈ పనిలో దిగరాదు.

ఇందుకు సరిగా ఎదురైన మొక్కయు మన సీమకు వచ్చినది. అది డ్రాగన్ ఫ్రూట్. ఎడారి జెముడు జాతికి చెందిన ఈ తీగ చిన్న రాత్రులు వచ్చినప్పుడు, అనగా వేసవి, వానకాలములలో పూయును. చలికాలమున దీపము పెట్టి రాత్రిని ఖండించినచో అకాలమున పూయును. వియత్నాము దేశపు బిన్ తువాన్ ప్రాంతమున రాత్రి తోటలు దీపములతో మెరయుట ఇందుకే. ఒకే దీపము చేమంతికి పూయవద్దని చెప్పును, డ్రాగన్ ఫ్రూట్‌కు పూయుమని చెప్పును.

ఇటీవల మాకు వచ్చిన ఒక జాబు ఈ ప్రసంగమునకు మరియొక కారణము. వ్రాసినవారు ఉద్యోగవిరమణ చేసిన తండ్రి. కుమారుడు కెనడాలో ఉన్నాడు. కుమారుడు తన గదిలో దీపము క్రింద గంజాయి మొక్కలు రెండు పెంచుచున్నాడని, అవి ‘తమంతట తామే పూయు’ రకమని, దీపము రోజునకు ఇరువది గంటలు వెలుగుచుండునని తెలిసి ఆయన కలతపడినారు. ఆ దేశమున అది నేరమా? ఆ మొక్కకు రాత్రి వద్దా? ఈ రెండును ఆయన ప్రశ్నలు.

మొదటిదానికి సమాధానము: కెనడాలో 2018 అక్టోబరునుండి పెద్దలు ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకొనుటకు కేంద్రచట్టము అనుమతించినది, కొన్ని రాష్ట్రములు తమ పరిధిలో దీనికి కట్టుబాట్లు పెట్టినవి. మన దేశమున అట్లు కాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక గంజాయి మొక్క పెంచుట నేరము. పదియేండ్ల వరకు కఠినశిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. అది చేలో పెరిగినను, మేడమీది గదిలో దీపము క్రింద పెరిగినను చట్టమునకు భేదము లేదు. విశాఖ మన్యమున 2021లో పోలీసులు ‘పరివర్తన’ పేర వేలకొలది యెకరముల తోటలు నరికించినప్పుడు నష్టపోయినవారిలో పెట్టుబడి పెట్టిన దళారికన్న భూమినిచ్చిన గిరిజనుడే ముందున్నాడు.

రెండవ ప్రశ్న శాస్త్రమునకు సంబంధించినది. సాధారణమైన గంజాయి మొక్క చేమంతివలె దీర్ఘరాత్రి మొక్కయే. దానిని గదిలో పెంచువారు పెరుగుదలకు 18 గంటల వెలుగును, పూతకు 12 గంటల వెలుగును ఇత్తురు. కాని 1924లో యానిషెవ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు రష్యాలో ‘రూడెరాలిస్’ అను పొట్టిరకమును వర్ణించెను. ఉత్తరదేశమున వేసవి కురుచ. శరదృతువు వరకు ఆగి పూయు మొక్క గింజ ముదురక మునుపే మంచుపాలగును. కావున అది రాత్రికై కాచుకొనక, మొలచిన కొద్ది వారములకు వయస్సును బట్టి పూయును. దానితో సంకరము చేసిన రకములే ఈ తమంతట తాము పూయునవి. అనగా గడియారము విషయమున ఇవి మన అరటికి చుట్టములు.

అట్టి మొక్కకు దీపపు గంటలు ఆజ్ఞ కావు, ఆహారము మాత్రమే. ఆకు ఒకనాటికి మొత్తము ఎంత వెలుగు త్రాగినదన్నదే లెక్క. మంద దీపమును ఎక్కువసేపు పెట్టినను, ప్రకాశవంతమైన దీపమును తక్కువసేపు పెట్టినను ఇంచుమించు ఆ లెక్క సమానము కావచ్చును. అందుచేత కొందరు 18 గంటలు, కొందరు 20 గంటలు, కొందరు 24 గంటలును వెలిగింతురు. 100 వాట్ల దీపము 18 గంటలకు 1.8 యూనిట్లు, 24 గంటలకు 2.4 యూనిట్లు కాల్చును. 75 దినములలో భేదము 45 యూనిట్లు. కాని గంటలు పెంచిన కొలది లాభము అదే పాళ్ళలో పెరుగదు. గదిలో వేడి చేరును. నీరు త్వరగా ఆరును. దీపమునకు, మొక్కకు కూడ చల్లబడు వేళ దొరకదు. 24 గంటల వెలుగులో ఆకు పాడగు మొక్కలు కలవు. టమాటాయే అందుకు ఉదాహరణము. కావుననే నాలుగారు గంటల చీకటిని మిగుల్చు అలవాటు ఎక్కువగా నిలిచినది. ఆ తండ్రిగారికి మేము ఇంతవరకు వ్రాసి, కుమారుడు సెలవులకు వచ్చునప్పుడు ఆ గింజ యొకటియైనను సంచిలో వెంట తేరాదని గట్టిగా చెప్పుమని కోరితిమి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము తేటపడినది. దీపము పెట్టదలచినవాడు ముందుగా మొక్కను అడుగవలెను. వయస్సును బట్టి పూయు మొక్కయైనచో గంటల నిర్ణయము వ్యయము, వేడి, వెలుగు బలము అను మూడింటి బేరము. రాత్రిని బట్టి పూయు మొక్కయైనచో, ఎన్ని గంటలన్నది రెండవ మాట. ఏ వేళ యన్నది మొదటి మాట. రాత్రి నడుమ పది నిమిషములు తప్పుగా వెలిగిన దీపము, పగలంతయు పెట్టిన శ్రమను వమ్ము చేయగలదు.

ఇండ్లలో కుండీలు పెంచు మన శ్రోతలకు కూడ ఇది అక్కరకు వచ్చును. వసారాలో దీపము క్రింద నుంచిన చేమంతి ఏపుగా పెరిగి పూయనిచో ఎరువును నిందింపకుడు. డిసెంబరులో ఎఱ్ఱని ఆకులతో శోభించు పాయిన్‌సెట్టియాకు కూడ ఇదే నియమము. దసరా దాటినది మొదలు ఆ కుండీలను సాయంత్రము దీపము పడని పెరటివైపునకు మార్చుడు. వీధిదీపము క్రింది దడి ఆలస్యముగా పూయుటకు కారణము కూడ ఇప్పుడు మీకు తెలిసినదే.

తుమ్మలపల్లె చేలో ఆనాడు మేము ఇంత ప్రసంగము చేయలేదు. దీపము నొక వారము ఆర్పి చూడుమని, పందుల భయమున్నచో దానికి రేకు కప్పి వెలుగును చేని మీద గాక దారివైపునకు మరల్పుమని మాత్రము చెప్పితిమి. పెద్దావిడ నమ్మలేదు. “దీపానికి పూలు బూయకుండా పోతాయా నాయనా?” అని నవ్వినది. ఆమె కుమారుడు నమ్మెను. ఆ తూర్పు సగము ఆ యేడు కార్తీకమునకు అందలేదు. సంక్రాంతి నాటికి పూసినది. ధర తగ్గినను పంట దక్కినది. ఆ సంగతి కుమారుడే మాకు జాబు వ్రాసి తెలిపెను. జాబు చివర మరియొక వాక్యము కలదు. తల్లి నారు అమ్మినవానికి బాకీ పూర్తిగా చెల్లించి, మరుసటి యేటికి కూడ అతనివద్దనే నారు చెప్పివచ్చినదట.